అశ్వస్తనికుని పద్దు

మనుస్మృతి చతుర్థాధ్యాయ ప్రారంభంలో గృహస్థులు నాలుగు విధాలుగా చెప్పబడ్డారు. గాదె నిండా ధాన్యం గలవాడు కుసూలధాన్యకుడు. కుండెడు ధాన్యం మాత్రమే గలవాడు కుంభీధాన్యకుడు. మూడు దినాలకు సరిపడే గ్రాసం గలవాడు త్ర్యైహికుడు. రేపటికి ఏమీ మిగుల్చుకోనివాడు అశ్వస్తనికుడు. 'శ్వః' అనగా రేపు. ఆ రేపు అన్నది ఎవని ఇంటిలో లేదో అతడు. గాదె అంటే ఎన్నాళ్ళ గ్రాసం, కుండ అంటే ఎన్నాళ్ళది అన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. కానీ ఈ నలుగురు విప్రగృహస్థులలో ఉత్తరోత్తరుడే శ్రేష్ఠుడని, ధర్మం చేత లోకాలను జయించేవారిలో రేపు లేనివాడే అగ్రగణ్యుడని స్మృతి నిస్సంశయంగా చెబుతోంది.

గాదె గలవారికి ఈ మాట చదివి పరవశించడం సులభం. అయితే అశ్వస్తనికత్వం ఒక వ్రతం. తెలిసి, ఇష్టపడి స్వీకరించేది. వ్రతం పట్టకుండానే ఆ స్థితిలో జీవించేవారు ప్రతి గ్రామంలోనూ ఉన్నారు. వారికి రేపు లేదు గాని, రేపు చెల్లించవలసిన బాకీ ఉంది. ఆ బాకీకి బాధ్యులెవరు, వారా, వారి ప్రారబ్ధమా, లోకమా అన్న ప్రశ్న వేదాంతగోష్ఠులలో అరుదుగా వినబడుతుంది. వినబడినప్పుడు కూడా త్వరగా ఏదో ఒక పక్షానికి ఒరిగిపోతుంది.

తెనాలి సమీపంలోని ఒక చిన్న గ్రామపు శివాలయ అర్చకుని విషయం ఈ ప్రశ్నకు సంబంధించినది. ఆయన గృహం కృష్ణా కాలువ గట్టు దిగువన రెండు గదుల పెంకుటిల్లు. భార్య, తెనాలిలో ఇంటర్మీడియట్ చదివే కుమారుడు, ఊరి పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదివే కుమార్తె. ధూపదీప నైవేద్య పథకం కింద నెలకు 5,000 రూపాయలు వచ్చేవి. స్వామివారి దీపానికి నూనె, వత్తులు, నైవేద్యానికి ప్రతిదినం గిద్దెడు బియ్యం, అగరువత్తులు, కర్పూరం అన్నీ అందులోనే. ఆ పైన మిగిలినదే అర్చకుని భుక్తి. హారతి పళ్ళెంలో సాధారణ మాసాలలో పదిహేను వందలకు మించి పడేది కాదు. కార్తికంలో మాత్రం ఆరేడు వేలు వచ్చేవి. సత్యనారాయణ వ్రతాలు, గృహప్రవేశాలు ఉన్న నెలల్లో కొంత దక్షిణ దొరికేది. తెల్లకార్డుపై మనిషికి 5 కిలోల చొప్పున నలుగురికీ కలిపి 20 కిలోల బియ్యం, కిలో ఒక రూపాయికి.

ఆ ఆలయానికి ఒకనాడు మాన్యం ఉండేది. ఆయన తాతగారి కాలంలో ధాన్యం ఇంటికి బండ్ల మీద వచ్చేదని ఊరిలో వృద్ధులు చెబుతారు. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం తరువాత మాన్యాల స్వరూపమే మారింది. 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కులను, పళ్ళెపు ఆదాయంలో వాటాలను రద్దు చేసింది. 1996లో సర్వోన్నత న్యాయస్థానం దానిని సమర్థించింది. 2007లో చట్టసవరణ వచ్చింది, ధూపదీప నైవేద్య పథకం కూడా ఆ కాలంలోనే వచ్చింది. ఈ చరిత్రలో ఏ ఒక్క అంశమూ ఆ అర్చకుడు చేసినది కాదు. ఆయన చిన్నవయసులో తండ్రి వెంట గర్భాలయంలో అడుగుపెట్టేనాటికే గాదె ఖాళీ అయి ఉంది.

మహాభారతం అనుశాసనపర్వంలో దైవ పురుషకారాల బలాబలాలను గురించిన సంవాదం ఉంది. అక్కడ పురుషకారం క్షేత్రమనీ దైవం బీజమనీ చెప్పబడింది. దున్నని పొలంలో ఎంత మేలైన విత్తనమూ మొలవదు. దున్నిన పొలంలో విత్తనమే పడకపోతే పంట రాదు. దరిద్రుని చూచి 'వాని కర్మ' అనేవారు బీజాన్ని మాత్రమే చూస్తారు. 'వాడేం చేయగలడు, వ్యవస్థ అలా ఉంది' అనేవారు కూడా, విచిత్రంగా, బీజాన్నే చూస్తున్నారు. ఇద్దరి మాటల్లోనూ ఆ మనిషి చేతిలోని నాగలి కనబడదు.

2017 వేసవిలో ఆ అర్చకుని మాతృమూర్తి గతించారు. అంతకు ముందు మూడు వారాలు ఆసుపత్రి. ఆ పైన పన్నెండు దినాల కర్మకాండ, దానాలు, బంధువుల భోజనాలు. గ్రామంలోని ఒక షావుకారు వద్ద 40,000 రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. శ్రాద్ధం యథాశక్తిగా చేయవలసినదని ఆయనకు తెలియదా? విష్ణుపురాణం తృతీయాంశంలో పితృదేవతలే పలికిన వాక్యాలు ఉన్నాయి. ధనం లేనివాడు ఏడెనిమిది తిలలతో జలమిచ్చినా చాలునట. అదీ లేకుంటే ఆవుకు గడ్డి వేసినా చాలునట. ఏదీ లేనివాడు అరణ్యానికి పోయి చేతులు పైకెత్తి, తన వద్ద ధనం లేదని, భక్తి మాత్రమే ఉన్నదని చెప్పుకున్నా పితరులు తృప్తి పొందుతారట. ఈ ఘట్టాన్ని ఆ అర్చకుడు ఎందరో పేద గృహస్థులకు స్వయంగా చెప్పి, అప్పు చేయవద్దని వారించినవాడే. తన తల్లి విషయంలో మాత్రం అది నోటికి రాలేదు. శాస్త్రం విడిచిపెట్టిన చోట కూడా బంధువర్గం విడిచిపెట్టదు. ఆ బంధువర్గానికి భయపడడం ఆయన చేసిన తొలి తప్పు. అది క్షమించదగిన తప్పే.

రెండవ తప్పు అంత సులభంగా క్షమించదగినది కాదు. అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నది ఆయన భార్యకు చెప్పలేదు. 'కొంత తెచ్చాను, మెల్లగా తీరుస్తాను' అన్నారు. ఆమె రెండు పర్యాయాలు అడిగి, మూడవసారి అడగడం మానివేసింది.

వడ్డీని గురించి మన శాస్త్రాలు విస్తారంగానే చర్చించాయి. వసిష్ఠుడు విధించిన వృద్ధి నెలకు ఎనభైయవ భాగమని మనువు పేర్కొన్నాడు. అంటే నూటికి ఒకటింపావు. కౌటిల్యుడు కూడా నూరు పణాలకు నెలకు ఒకటింపావు పణమే ధర్మ్యమైన వడ్డీ అన్నాడు. వర్తకులకు అయిదు, అడవులు దాటి వ్యాపారం చేసేవారికి పది, సముద్రం దాటేవారికి ఇరవై. అపాయం పెరిగిన కొద్దీ వడ్డీ పెరిగింది. ఆ లెక్కన అర్చకుని నలభైవేలకు ధర్మ్యమైన వడ్డీ నెలకు 500 రూపాయలు. ఆయన చెల్లించినది 1,200. వడ్డీ అసలును మించరాదన్న నియమం కూడా స్మృతిలో ఉంది. కానీ ఒక్కసారిగా గ్రహించే వడ్డీకే ఆ నియమం అని అక్కడే షరతు ఉంది. నెలనెలా చెల్లించేవానికి ఆ రక్షణ వర్తించదు. సక్రమంగా చెల్లించేవాడే ఎక్కువ చెల్లిస్తాడన్న ఈ వైచిత్రి ఆ కాలం నాటిదే.

అల్పాదాయంలో ధననిర్వహణ ఎందుకు కఠినమో వెలుపలి నుండి చూచేవారికి తెలియదు. తక్కువ రావడం ఒక్కటే కష్టం కాదు. వచ్చేది ఋతువుల ప్రకారం వస్తుంది, పోయేది దినం ప్రకారం పోతుంది. కార్తికంలో పళ్ళెం నిండుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు, ముహూర్తాలు ఉండవు. పాలవాడికి శూన్యమాసం లేదు. అయిదు లీటర్ల నూనె డబ్బా తెనాలిలో చవకగా దొరుకుతుంది గాని, ఆ మొత్తం ఒకేసారి చేతిలో ఉండదు. అందుచేత ఊరి కొట్లో చిన్న ప్యాకెట్లు, అదీ ఖాతాలో. ఖాతా ఉన్నవాడు మరో కొట్టుకు పోలేడు, ధర అడగలేడు. తక్కువ ఉన్నవాడు ప్రతి వస్తువుకూ ఎక్కువ పెడతాడు. ఈ లెక్కలన్నీ పగలు రాత్రి మనస్సులో తిరుగుతూ ఉంటాయి. చిత్తవృత్తి నిరోధం గురించి ఉపన్యసించేవారు నెలాఖరున ఇటువంటి ఇంటిలో ఒక్క రాత్రి గడిపితే, యోగానికి గల అంతరాయాలలో దీనిని కూడా ఒకటిగా చేర్చి ఉండేవారు.

2019 కార్తికం వరకు ఆయన వడ్డీ తప్పలేదు. ఆ తరువాత కుమారుని రుసుము, కుమార్తెకు జ్వరం, ఇంటి వెనుక గోడ. మూడు నెలల వడ్డీ నిలిచిపోయింది. 2020 జనవరిలో, సంక్రాంతి దాటిన మరుసటి సోమవారం ఉదయం, షావుకారు ఆలయానికి వచ్చి ప్రదక్షిణం చేసి, ధ్వజస్తంభం వద్ద నిలబడి అడిగాడు.

"పంతులు గారూ, మూడు నెలలైంది. పండగ కూడా పోయింది. మీరే ఇలా చేస్తే ఎలాగండీ?"

అతడు క్రూరుడు కాడు. గొంతు కూడా పెంచలేదు. కానీ మండపంలో అయిదారుగురు స్త్రీలు కూర్చుని ఉన్నారు. అర్చకుడు సాయంత్రం ఇస్తానన్నారు.

ఇంటిలో, పాత పంచాంగాల కింద, ఒక ఇనుప పెట్టె ఉండేది. మహాశివరాత్రికి లింగోద్భవకాల అభిషేక ద్రవ్యాల కోసం, మరునాటి అన్నసమారాధన కోసం గ్రామస్థులు అప్పటికే ఇచ్చిన 9,400 రూపాయలు అందులో ఉన్నాయి. ఆ సాయంత్రం ఆయన అందులోంచి 3,600 తీసి షావుకారుకు ఇచ్చివచ్చారు. మాఘంలో ముహూర్తాలున్నాయి, వ్రతాలు వస్తాయి, శివరాత్రిలోగా పెట్టవచ్చు, అది అప్పే గాని అపహరణ కాదు అని ఆయన తనకు తాను చెప్పుకున్నారు. దేవద్రవ్యాన్ని తాకినవారందరూ చరిత్రలో ఈ మాటనే చెప్పుకుని ఉంటారు.

మరునాడు ఉదయం ఏకవార రుద్రాభిషేకం. నమకం పదకొండు అనువాకాలూ సాగాయి. చమకం మొదలైంది. చమకమంతా యాచనయే అని తెలిసినవారికి తెలుసు. నాలుగవ అనువాకంలో భక్తుడు వరిధాన్యం అడుగుతాడు, యవలు అడుగుతాడు, మినుములు, నువ్వులు, పెసలు, గోధుమలు అడుగుతాడు. ఇంటిలో పప్పు డబ్బా అడుగంటిన నాడు కూడా ఆ మంత్రాలను ఆయన తన కోసం అడుగుతున్నట్లు ఎన్నడూ భావించలేదు. లోకం కోసం అడుగుతున్నట్లే భావించారు. పదకొండవ అనువాకం సంఖ్యలది. ఒకటి, మూడు, అయిదు అంటూ బేసి సంఖ్యలు ముప్పైమూడు వరకు. ఆ పైన నాలుగు, ఎనిమిది, పన్నెండు అంటూ నలభైఎనిమిది వరకు. బాల్యం నుండి వేల పర్యాయాలు పలికిన సంఖ్యలు. ఆ ఉదయం పందొమ్మిది వద్ద ఆయన ఆగిపోయారు. పన్నెండు వందలు, ముప్పైఆరు వందలు, తొమ్మిదివేల నాలుగు వందలు అన్న అంకెలు నాలుక మీదికి వచ్చి నిలిచాయి. మొదటి నుండి మళ్ళీ ప్రారంభించారు. మళ్ళీ అక్కడే ఆగారు. అభిషేకపు పాలు లింగం మీది నుండి ధారగా జారుతూనే ఉన్నాయి. మూడవ మారు పలికి, ఎలాగో ముగించారు. వినే భక్తులకు భేదం తెలియలేదు.

ఆ రాత్రి పిల్లలు నిద్రించాక భార్యతో చెప్పారు. పెట్టెలోంచి తీసినది చెప్పారు.

"ఎంత?" అన్నది ఆమె.

"మూడు వేల ఆరు వందలు."

"అది కాదండీ. మొత్తం ఎంత?"

ఆయన మొత్తం చెప్పారు. అసలు నలభైవేలు అలాగే ఉందని, ముప్పై నెలలుగా కడుతున్నది వడ్డీయే అని, నూటికి మూడు రూపాయలని చెప్పారు. ఆమె కుమార్తె గణితం నోటుపుస్తకం తెచ్చి, వెనుక మిగిలిన ఖాళీ పేజీలలో వ్రాసింది. ఆమె చదువు పదవ తరగతి. ముప్పై నెలలకు వడ్డీ 36,000. తరువాత తన చేతులకున్న రెండు కాసుల గాజుల వంక చూచి, బ్యాంకులో కుదువ పెడితే ఏడాదికి నూటికి ఎంత తీసుకుంటారని అడిగింది. పది రూపాయల లోపేనని ఆయనకు తెలుసు. పదే వేసుకుంది. నలభైవేలకు రెండున్నరేళ్ళకు పదివేలు.

"ఇరవైఆరు వేలు ఎక్కువ కట్టాం," అన్నది. కొంతసేపటి తరువాత, "నన్ను అడిగితే ఇవ్వననుకున్నారా?" అన్నది.

ఇవ్వదని ఆయన అనుకోలేదు. అడగడమంటే చెప్పడం. చెప్పడమంటే తన చేతగానితనాన్ని ఆమె ముందు పరచడం. ఆ ఒక్క పని తప్పించుకోవడానికి ఆయన ఇరవైఆరు వేలు వెచ్చించారు. ఆయన అయిదు నెలల భృతి కంటే అది అధికం. మాన్యం పోవడానికి ఆయన బాధ్యుడు కాడు. తల్లి వ్యాధికి బాధ్యుడు కాడు. వడ్డీరేటు ఆయన నిర్ణయించినది కాదు. కానీ ఈ ఇరవైఆరు వేలు మాత్రం పూర్తిగా ఆయన స్వార్జితం. దారిద్ర్యానికి అనేక కారణాలు వెలుపల ఉన్నప్పుడు, లోపల ఉన్న ఆ కొంచెం కూడా వెలుపలిదే అనుకోవడం ఎంత సులభమో ఈ లెక్క చూపుతుంది. యక్షప్రశ్నలలో సుఖి ఎవడన్న ప్రశ్నకు ధర్మరాజు ఇచ్చిన సమాధానం ప్రసిద్ధమే: ఆలస్యంగానైనా తన ఇంటిలో ఆకుకూర వండుకుని తినేవాడు, ఋణం లేనివాడు, ప్రవాసం లేనివాడు. ధర్మరాజు స్వయంగా జూదంలో సర్వస్వం పోగొట్టుకుని అరణ్యంలో ఉండి చెప్పిన మాట అది. తన ఇంటివారికి కూడా చెప్పలేని ఋణం మోసేవాడు ఒక విధంగా తన ఇంటిలోనే ప్రవాసి.

మరునాడు ఆయన ఉత్సవపు పెద్ద ఇంటికి వెళ్ళారు. ఆ పెద్దమనిషి పసుపు రైతు. దుగ్గిరాల యార్డుకు పసుపు తోలేవాడు. అరుగు మీద కూర్చోబెట్టి, విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదా పంతులు గారూ," అన్నాడు చివరకు. "అడక్కుండా తీశారు. అదే బాగోలేదు."

తరువాత, ఊరికి చెప్పనక్కర్లేదని, శివరాత్రిలోగా పెట్టెయ్యమని, ఇకమీదట పెట్టె తన ఇంటిలో ఉంటుందని అన్నాడు. చివరి మాట అంటున్నప్పుడు అర్చకుని ముఖం చూడలేదు. ఆ సాయంత్రం అతని కుమారుడు సైకిలు మీద వచ్చి పెట్టె తీసుకువెళ్ళాడు. మూడు తరాలుగా ఆ పెట్టె అర్చకుని ఇంటిలోనే ఉండేది.

గాజులపై తెనాలిలోని ఒక బ్యాంకు 44,000 ఇచ్చింది. నలభైవేలు షావుకారుకు చేరాయి. నోటు తిరిగి వచ్చింది. 3,600 పెట్టెలో పడ్డాయి. నాలుగు వందలు మిగిలాయి. ఆమె మట్టిగాజులు వేసుకుంది. ఎవరైనా అడిగితే గాజులు బ్యాంకులో ఉన్నాయని చెప్పేది, ఆమె దాచలేదు.

శివరాత్రి మరునాడు ఉత్సవపు జమాఖర్చులు మండపంలోని నల్లబల్ల మీద సుద్దముక్కతో వ్రాయడం ఆ ఊరి ఆచారం. వ్రాసేది అర్చకుడే. ఊరికి చెప్పనక్కర్లేదని పెద్దమనిషి అన్న మాట ఉంది. మనుస్మృతి ఏకాదశాధ్యాయంలో పాపం నుండి విముక్తికి చెప్పిన ఉపాయాలలో మొదటిది ఖ్యాపనం, అనగా చేసినదానిని నలుగురికీ తెలియజెప్పడం. పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం దాని తరువాతివి. ఈ క్రమం యాదృచ్ఛికమో, ఉద్దేశపూర్వకమో పండితులు నిర్ణయించాలి. అర్చకుడు జమ వైపు చివర ఒక పంక్తి వ్రాశారు: పుష్యమాసంలో అర్చకుడు స్వంతానికి వాడుకున్నది 3,600, మాఘ శుద్ధ పంచమికి తిరిగి జమ 3,600.

దాని ఫలితం వెంటనే కనబడింది. ఇద్దరు వృద్ధ స్త్రీలు పళ్ళెంలో వేయడం మానివేసి, హుండీలో మాత్రమే వేయసాగారు. ఒక ఇంటి వారు వ్రతానికి పొరుగూరి పురోహితుని పిలిచారు. ఖ్యాపనం చేసినవానిని లోకం కౌగిలించుకుంటుందని ఏ స్మృతీ చెప్పలేదు.

భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి ధనాన్ని అయిదు భాగాలు చేయమని బోధిస్తాడు: ధర్మానికి, కీర్తికి, ధనవృద్ధికి, భోగానికి, స్వజనానికి. ఈ పంచవిభాగాన్ని నేడు చాలామంది ఉపన్యాసకులు గృహస్థులకు ఆర్థికసూత్రంగా చెబుతున్నారు. అది త్రిలోకాధిపతికి చెప్పిన మాట అని స్మరించడం మంచిది. ఏడువేల ఆదాయాన్ని అయిదు భాగాలు చేస్తే ఏ భాగమూ ఏ పనికీ చాలదు. ఆ ఇంటి గృహిణి మూడు భాగాలు చేసింది. మూడు ఖాళీ డబ్బాలు దొరకడమే అందుకు ప్రధాన కారణం. భృతి వచ్చిన దినమే స్వామివారి నూనె, నైవేద్యాల సొమ్ము మొదటి డబ్బాలో పడుతుంది. అది దేవునిది, ఆకలైనా తాకరాదు. రెండవది ఇంటి ఖర్చు. మూడవ దానిలో పళ్ళెం నుండి రోజుకు ఇరవై రూపాయలు, కార్తికంలో రోజుకు వంద. అది శూన్యమాసాలది. నోటుపుస్తకంలో ప్రతి రాత్రి ఇద్దరూ కలిసి వ్రాసేవారు. మొదటి నెలలో ప్రతి రాత్రీ కలహమే. అగరువత్తులు ఏ డబ్బాలోంచి కొనాలి, ఆలయానికి వచ్చిన అతిథికి కాఫీ ఇంటి ఖర్చా దేవుని ఖర్చా అన్నంత సూక్ష్మమైన మీమాంస నడిచింది.

ఇంత చేసిన తరువాత నెల తిరగకుండా, 2020 మార్చిలో, దేశమంతటా ఆలయాల ద్వారాలు భక్తులకు మూసివేయబడ్డాయి. నిత్యార్చన సాగింది. పళ్ళెం లేదు, వ్రతాలు లేవు. వైశాఖంలో నిశ్చయమైన మూడు వివాహాలు ఆగిపోయాయి. ఋజుమార్గంలోకి వచ్చినవానికి దైవం తోడ్పడుతుందని చెప్పే కథలు ఎన్నో ఉన్నాయి. ఇది అటువంటి కథ కాదు. మూడవ డబ్బాలో అప్పటికి చేరినది వెయ్యి రూపాయలకు తక్కువ. అది ఏప్రిల్ రెండవ వారానికే అయిపోయింది. మే నెలలో ప్రభుత్వం అర్చకులకు ఒక్క పర్యాయం ఇచ్చిన 5,000 వచ్చింది. పసుపు రైతు ఒక బస్తా బియ్యం పంపాడు. అర్చకుడు దానిని నోటుపుస్తకంలో దానంగా కాక అప్పుగా వ్రాయబోతే భార్య వారించింది.

"ఆయన అప్పిస్తే అప్పని చెబుతాడండీ. ఇచ్చినదాన్ని ఇచ్చినట్లే వ్రాయండి."

ఆ రోజుల్లో ఆలయంలో ఆయన ఒక్కరే ఉండేవారు. వినేవారు లేని చమకం. పదకొండవ అనువాకంలో తడబాటు పూర్తిగా పోలేదని, పందొమ్మిది వద్ద ఇప్పటికీ ఒక క్షణం జాగ్రత్తపడతానని ఆయన చెబుతారు. జూన్ 8న ద్వారాలు తెరిచాక మొదట వచ్చినవారిలో ఆ ఇద్దరు వృద్ధులలో ఒకామె ఉన్నది. ఆమె పది రూపాయలు పళ్ళెంలోనే వేసింది. రెండవ ఆమె నేటికీ హుండీలోనే వేస్తుంది.

గాజుల విడుదలకు రెండేళ్ళు పట్టింది. ఒక గాజు అమ్మితేగాని అప్పు తీరదని 2022 ప్రారంభంలో తేలింది. అయితే బ్యాంకుకు మొత్తం చెల్లిస్తేగాని గాజులు చేతికి రావు. చేతికి వస్తేగాని అమ్మడానికి లేదు. బీదవాని ప్రతి వ్యవహారంలోనూ ఇటువంటి ముడి ఒకటి ఉంటుంది. అర్చకుడు ఈసారి ముందుగా అడిగారు. పసుపు రైతు 44,000 జేబులో పెట్టుకుని వారితో పాటు తెనాలి బస్సెక్కాడు. ఆ ఏటి వడ్డీ మూడవ డబ్బాలోంచి దంపతులే తెచ్చుకున్నారు. బ్యాంకు పని మధ్యాహ్నానికి ముగిసింది. నగల దుకాణంలో ఒక గాజుకు 37,000 వచ్చింది. మిగిలిన ఏడువేలు ఆమె చేతిసంచి అడుగు నుండి తీసింది. అన్నీ పది, ఇరవై, వంద నోట్లు, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి.

రైతు బస్టాండులో బెంచీ మీద కూర్చుని నోట్లన్నీ లెక్కపెట్టాడు. ఒకసారి తప్పిపోయి మళ్ళీ మొదటి నుండి లెక్కపెట్టాడు.

"సరిపోయాయి పంతులు గారూ," అన్నాడు.

పెట్టె మాత్రం ఇప్పటికీ అతని ఇంటిలోనే ఉంది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ప్రస్తావించలేదు. ఏటా శివరాత్రి మరునాడు అతడు దానిని మండపానికి తెచ్చి తాళం తీస్తాడు. అర్చకుడు నల్లబల్ల తుడిచి, సుద్దముక్క అందుకుంటారు.